రుజువు ఎవరి జిమ్మా? కారుకు బయటి సామాను బిగిస్తే వారంటీ ఏమవుతుంది

మరమ్మతు అనే మాట ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుంది. షరతు, దావా, జామీను, జరిమానా, రుజువు కూడా అలా వచ్చినవే. మన ఇంట్లో దక్కనీలో మాట్లాడే నానీకి ఈ మాటలు ఎంత సొంతమో, పక్కింటి పెద్దమ్మకూ అంతే సొంతం. వారంటీ ఒక్కటే ఇంగ్లీషు మాటగా మిగిలిపోయింది. కొత్త కారుతో ఇచ్చే ఆ చిన్న పుస్తకం ప్లాస్టిక్ కవరులోంచి బయటికి రాకుండానే డాష్‌బోర్డు అరలో ఏళ్ళకేళ్ళు పడి ఉంటుంది. దాని మతలబు మనకు తెలిసేది ఏదైనా ఖరాబయి షోరూముకు వెళ్ళిన రోజే. "బయట సామాను పెట్టించారు కదా భాయ్, వారంటీ పోయింది" అని కౌంటర్ దగ్గర ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఆ మాటలో హక్ ఎంత, బహానా ఎంత అన్నదే నా సవాల్. దీనికి జవాబు ఒక్క రోజులో పుట్టలేదు. వందేళ్ళ తారీఖ్ ఉంది దీనికి. అందులో ఎక్కువ భాగం అమెరికాలో నడిచింది, కాస్త మన దగ్గరా నడిచింది.

ముందే ఒక మాట. ఈ మస్లా మన ఇళ్ళకు రెండు వైపుల నుంచీ తగులుతుంది. కారు కొన్నవాళ్ళం ఒకవైపు. బెజవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, ప్రతి ఊరి బస్టాండు వెనక షెడ్డుల్లో పానాలు పట్టుకుని బతుకుతున్న మన ఉస్తాదులు, వాళ్ళ షాగిర్దులు ఇంకోవైపు. "బయట చేయిస్తే వారంటీ పోతుంది" అన్న మాట గాహక్‌ను భయపెడుతుంది, ఉస్తాద్ రోజీని కోస్తుంది.

కారు అంటేనే మార్చుకునేది

1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. 1927 వరకు కోటిన్నర బండ్లు తయారయ్యాయి. చవకగా అమ్మాలని కంపెనీ అందులో అవసరమైనవే పెట్టింది, మిగతావి ఖరీద్దారే చూసుకోవాలి. అందుకే దాని చుట్టూ బయటి సామాను దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. కొందరు రైతులు అదే కారును ట్రాక్టరుగా, లారీగా మార్చుకున్నారు. వెనక చక్రాన్ని పైకి లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసే రంపం తిప్పిన వాళ్ళూ ఉన్నారు. ఆ జమానాలో ఎవరూ దాన్ని తప్పుగా చూడలేదు. బండి మనది, మార్చుకునే హక్కూ మనదే అనుకున్నారు.

1932లో ఫోర్డ్ ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను సామాన్యుడికి అందే ధరలో తెచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డులు కొని, బరువు తీసేసి, కార్బురేటర్లు మార్చి, ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు పెట్టించారు. హాట్ రాడ్ అన్నది అలా పుట్టిన షౌక్. 1948లో దాని పేరుమీదే పత్రిక వచ్చింది. 1963 నాటికి వేగం పెంచే సామాను తయారుచేసేవాళ్ళందరూ కలిసి సెమా అనే అంజుమన్ పెట్టుకున్నారు. గల్లీలో మొదలైన షౌక్ అప్పటికి పెద్ద కారోబార్ అయిపోయింది.

కార్డుల కథ

కార్ల సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక ముకద్దమా చెప్పాలి. తర్వాతి కథంతా దాని మీదే నిలబడింది.

కంప్యూటర్లు రాకముందు లెక్కలు చేసే పెద్ద యంత్రాలుండేవి. చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద అవి నడిచేవి. ఐబీఎం కంపెనీ ఆ యంత్రాలను అద్దెకిస్తూ ఒక షరతు పెట్టింది. మా యంత్రంలో మా కార్డులే వాడాలి, వేరేవి వాడితే అద్దె ఒప్పందం రద్దు. అమెరికా సర్కారు కోర్టుకు వెళ్ళింది. ఐబీఎం ఇచ్చుకున్న జవాబు మనకు బాగా తెలిసినదే: నాసిరకం కార్డులు పెడితే యంత్రం తప్పులు చేస్తుంది, అప్పుడు చెడేది మా పేరు.

1936లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సర్కారు వాళ్ళు 15 శాతం అదనపు అద్దె కట్టి సొంత కార్డులు చేసుకుంటున్నారు, అవి ఐబీఎం యంత్రాల్లో బాగానే నడుస్తున్నాయి. కార్డు ఎంత మందం ఉండాలో, ఎలాంటి కాగితంతో చేయాలో కంపెనీ చెప్పవచ్చు, నాసిరకం వాడవద్దని హెచ్చరించవచ్చు. అంతేగానీ మా దగ్గరే కొనాలి అనే హక్కు లేదు. ఇదీ ఫైసలా సారాంశం.

కార్డుల చోట ఆయిల్ ఫిల్టరో బ్రేక్ ప్యాడ్లో పెట్టి చూడండి. ఈ రోజు షోరూములో నడిచే బహస్ మొత్తం అదే.

ఇచ్చేదానికన్నా లాక్కునేది ఎక్కువైన కాగజ్

1950లలో అమెరికా కారు కంపెనీలన్నీ దాదాపు ఒకే నమూనా వారంటీ ఇచ్చేవి. 90 రోజులు లేదా 4,000 మైళ్ళు, ఏది ముందైతే అది. చెడిన పార్టు మార్చి ఇస్తాం, అంతకుమించి మాకు ఏ జిమ్మేదారీ లేదు అని చిన్న అక్షరాల్లో ఉండేది. అధికారిక డీలరు దగ్గర కాకుండా బయట మార్పులు చేయించిన బండికి, ఆ మార్పు బండిని దెబ్బతీసిందని కంపెనీ అనుకుంటే, వారంటీ చెల్లదు అనే షరతు కూడా ఆనాటి పత్రాల్లో కనిపిస్తుంది. దెబ్బతీసిందో లేదో తేల్చేది ఎవరయ్యా అంటే, కంపెనీయే. ముద్దయీ తనే, ముంసిఫూ తనే.

ఆ కాగితాన్ని మొదటిసారి గట్టిగా నిలదీసింది న్యూజెర్సీలోని హెన్నింగ్‌సెన్ దంపతుల కేసు. 1955 మే నెలలో భర్త ఒక కొత్త ప్లిమత్ కారు కొని భార్యకు మదర్స్ డే తోఫాగా ఇచ్చాడు. పట్టుమని పది పన్నెండు రోజులు కాకముందే, 468 మైళ్ళు తిరిగిన బండి స్టీరింగ్ పట్టు తప్పి గోడకు గుద్దుకుంది. ఆమెకు దెబ్బలు తగిలాయి. కంపెనీ వారంటీ కాగితం చూపించి, పార్టు మార్చడం వరకే మా పని అంది. 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. అన్ని కంపెనీలూ ఒకే కాగితం చేతిలో పెడుతుంటే మామూలు మనిషికి బేరమాడే తావే లేదు, అలాంటప్పుడు అతని దస్తఖత్‌ను రజామందీ అనలేం అని కోర్టు ఉద్దేశం.

ఆ కారులో బయటి సామాను ఏదీ లేదు. అయినా మన కథకు ఆ ఫైసలా ముఖ్యం. కంపెనీ రాసుకున్నంత మాత్రాన ఏ షరతైనా చెల్లిపోదు అని అది తేల్చింది.

వారంటీల పోటీ, తర్వాత చట్టం

1960ల మొదట్లో కంపెనీల మధ్య పోటీ మొదలైంది. ఒకరు 12 నెలలంటే, 1963 మోడళ్ళకు క్రైస్లర్ ఇంజన్, గేర్‌బాక్సుల మీద 5 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళు అంది. వినడానికి చాలా బాగుంది. కానీ వాదా పెద్దదయ్యేకొద్దీ షరతులూ పెద్దవయ్యాయి. వేళకు ఆయిల్ మార్పించినట్టు సబూత్ చూపించాలి, ఫలానా పని ఫలానా చోటే చేయించాలి. సరిగ్గా హాట్ రాడ్ కుర్రాళ్ళ సామాను బజారు పెరుగుతున్న రోజులవి. షోరూముల దగ్గర గొడవలు, ఫిర్యాదులు పోగయ్యాయి. కారు వారంటీలు కాగితం మీద ఒకలా, కౌంటర్ దగ్గర ఒకలా ఉన్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ దశకం చివర్లో జాంచ్ చేసి రిపోర్టు రాసింది.

వాషింగ్టన్ రాష్ట్రం సెనేటర్ వారెన్ మాగ్నుసన్, కాలిఫోర్నియా ప్రతినిధి జాన్ మాస్ తెచ్చిన బిల్లు చివరికి చట్టమైంది. 1975 జనవరి 4న దానిమీద దస్తఖత్ చేసిన ప్రెసిడెంటు పేరు జెరాల్డ్ ఫోర్డ్. కార్ల కంపెనీతో ఆయనకు ఏ రిష్తా లేదు, పేరు కలిసిందంతే.

మాగ్నుసన్-మాస్ చట్టంలో మన మస్లాకు తగిలేది ఒక్క ముక్క. ఫలానా బ్రాండు సామాను వాడితేనే, ఫలానా చోట సర్వీస్ చేయిస్తేనే వారంటీ ఉంటుంది అని కంపెనీ షరతు పెట్టకూడదు. పెట్టాలంటే ఆ సామాను, ఆ సర్వీస్ ముఫ్త్‌గా ఇవ్వాలి, లేదా కమిషన్ దగ్గర ప్రత్యేకంగా ఇజాజత్ తెచ్చుకోవాలి. 1936 నాటి కార్డుల ఫైసలా ఇప్పుడు గాహక్ చేతిలో హత్యార్ అయింది.

మరి కంపెనీకి ఏ హక్కూ లేదా? ఉంది. బయటి పార్టు వల్లో, బయటి పని వల్లో ఖరాబీ వచ్చిందని చూపించగలిగితే, ఆ మరమ్మతును ముఫ్త్‌గా చేయనక్కర్లేదు. కానీ చూపించాల్సింది కంపెనీయే. "బయటి సామాను ఉంది" అని వేలెత్తి చూపితే చాలదు, "ఆ సామాను వల్లే ఇది చెడింది" అని తేల్చాలి.

మిసాల్‌కు కొన్ని చూద్దాం. సైలెన్సర్ మార్పించిన కారులో కిటికీ అద్దం మోటార్ ఆగిపోతే రెండింటికీ ఏ సంబంధం లేదు, వారంటీ నిలుస్తుంది. బండిని అరడుగు పైకి లేపే కిట్ పెట్టిస్తే, ఇరుసు వంపు మారి అక్కడి జాయింట్లు త్వరగా అరిగితే, కంపెనీ కాదనడంలో అర్థం ఉంది. అదే బండిలో ఏసీ పాడైతే మాత్రం కాదనలేదు. ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి టర్బో ఒత్తిడి పెంచిన తర్వాత పిస్టన్ కరిగితే గాహక్ పక్షం చాలా కమ్‌జోర్. కాబట్టి వారంటీ అంటే ఒకే దారం కాదు, తడకలాంటిది. ఒకచోట తెగినా మిగతాది నిలిచే ఉంటుంది.

పాత కితాబుల్లోనూ ఇదే ఫర్క్

ఈ ఫర్క్‌ను అమెరికా వాళ్ళే మొదట కనిపెట్టారని నేను అనను. 12వ శతాబ్దంలో ఫర్గానా ప్రాంతానికి చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ రాసిన హనఫీ కానూన్ కితాబు హిదాయాలో, ఐబు ఉన్న మాలు గురించి ఒక బాబ్ ఉంది. 1791లో చార్లెస్ హామిల్టన్ దాన్ని ఇంగ్లీషులో తెచ్చాక హిందుస్తాన్‌లోని బ్రిటిష్ కోర్టులకూ చేరింది. అందులోని మిసాల్ ఇది. ఒకడు బట్ట కొన్నాడు, కత్తిరించి కుట్టించాడు, లేదా రంగు వేయించాడు. ఆ తర్వాత బట్టలో ముందునుంచే ఐబు ఉన్నట్టు తెలిసింది. కుట్టేసిన బట్టను తిరిగి ఇవ్వలేడు. అలాగని అతని హక్ చచ్చిపోలేదు. ఆ ఐబు వల్ల ఎంత ఖీమత్ తగ్గిందో అంత అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవచ్చు.

గాహక్ చేసిన మార్పు వేరు, అమ్మినవాడు ఇచ్చిన ఐబు వేరు. ఒకటి రెండోదాన్ని మింగేయదు. షోరూము కౌంటర్ దగ్గర మరిచిపోయేది సరిగ్గా ఈ ముక్కనే.

చట్టం వచ్చినా ఆగని అలవాటు

1975 తర్వాత కూడా కంపెనీలు పాత పాటే పాడుతూ వచ్చాయి. 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక ఉత్తరాలు పంపింది. వాటిలో కారు కంపెనీ హ్యుందాయ్ అమెరికా శాఖ ఉంది, గేమింగ్ యంత్రాలు చేసే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో ఉన్నాయి. 2022లో హార్లే-డేవిడ్‌సన్ మోటార్‌సైకిళ్ళ కంపెనీ మీద చర్య తీసుకుంది. బయటి పార్టులు వాడినా, బయటి మెకానిక్ దగ్గర చేయించినా వారంటీ పోదు అని కంపెనీ తన కాగితాల్లోనే రాయాల్సి వచ్చింది. 47 ఏళ్ళ తర్వాత కూడా అదే సబక్ మళ్ళీ చెప్పించాల్సి వచ్చిందన్నమాట.

డల్లాస్‌లో, షికాగోలో ఉన్న మన పిల్లలు ఈ చట్టం పేరు గుర్తుపెట్టుకోవాలి. సర్వీస్ అడ్వైజర్ ముందు ఆ పేరు తీసి, "ఏ పార్టు వల్ల చెడిందో రాసివ్వండి" అని అదబ్‌గా అడిగితే చాలాసార్లు మాట తీరు మారుతుంది.

మన దగ్గర సంగతి

అమెరికా చట్టం ఇక్కడ చెల్లదు. కానీ ఇక్కడా ఒక పోరాటం నడిచింది. 2011లో షంషేర్ కటారియా అనే ఆయన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేశారు. అసలు పార్టులు బజారులో దొరకనివ్వకుండా, బయటి గ్యారేజీలకు మరమ్మతు వివరాలు ఇవ్వకుండా కంపెనీలు కట్టడి చేస్తున్నాయని ఆయన షికాయత్. మూడు కంపెనీల మీద మొదలైన జాంచ్ తర్వాత చాలా కంపెనీలకు పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కారు కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది.

కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి, వ్యాజ్యం ఏళ్ళ తరబడి సాగింది. కానీ నా దృష్టిలో జరిమానా కన్నా హుకుంలోని ఒక భాగం విలువైనది. బయటి గ్యారేజీలో మరమ్మతు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదు అని కమిషన్ చెప్పింది. బయటి తప్పుడు పని వల్ల ఎంత నుక్సాన్ జరిగిందో అంతవరకే వారంటీ ఆపవచ్చు, అదీ సంగతులు స్పష్టంగా కనిపించినప్పుడే. ఆ మాటలు బయటి మరమ్మతు గురించి అన్నవి, షౌక్‌కు పెట్టే సామాను గురించి కాదు. అయినా లాజిక్ ఒక్కటే: నుక్సాన్ ఎక్కడ ఉందో వారంటీ అక్కడివరకే ఆగాలి.

మా మామూ కొడుకు సంగతి చెప్తాను. గుంటూరులో కారు కొన్నాడు. మనవాడే ఒక ఉస్తాద్ దగ్గర స్టీరియో, రివర్స్ కెమెరా పెట్టించాడు. కంపెనీ వైరు ఒక్కటీ కోయకుండా, కప్లర్‌కు కప్లర్ కలిపి పని చేశాడా ఉస్తాద్. ఎనిమిది నెలలకు ఏసీ చల్లదనం తగ్గింది. షోరూములో బానెట్ కూడా ఎత్తకుండానే "వైరింగ్ ముట్టుకున్నారు, వారంటీ లేదు" అన్నారు. వాడు గొడవ పడలేదు. "ఆ మాటే జాబ్ కార్డు మీద రాసి, ఏ వైరు వల్ల ఏసీ పోయిందో కూడా రాసి దస్తఖత్ చేయండి" అన్నాడు. అడ్వైజర్ లోపలికి వెళ్ళి మేనేజర్‌ను తెచ్చాడు. అప్పుడు చూశారు. గ్యాస్ పైపు జాయింటు దగ్గర లీకు. కెమెరాకూ దానికీ ఏ వాస్తా లేదు. సాయంత్రానికి ముఫ్త్‌గా చేసిచ్చారు.

అన్నిసార్లూ గాహక్‌దే హక్ అనుకోకూడదు. రిలే లేకుండా ఎక్కువ వాట్ల హెడ్‌లైట్ బల్బులు పెట్టిస్తే హోల్డర్ కరుగుతుంది, స్విచ్ కాలుతుంది. అది మన చేతులారా తెచ్చుకున్న నుక్సాన్. దాన్ని కంపెనీ మీద రుద్దడం ఇన్సాఫ్ కాదు. ఇంకో సంగతి: వారంటీ వేరు, కానూన్ వేరు, ఇన్సూరెన్స్ వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలను ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకూ చెప్పాలి. వారంటీ దగ్గర గెలిచి ఆర్‌టీవో దగ్గర ఓడితే ఏం ఫాయిదా?

కాగజ్ దాచుకోండి

ఇంత తారీఖ్ చదివాక నాకు పనికొచ్చేవిగా అనిపించినవి ఇవి. బయట ఏ సామాను పెట్టించినా రసీద్ తీసుకోండి, అందులో పార్టు పేరు, తారీఖు, కిలోమీటర్లు రాయించండి. తీసిన అసలు పార్టును పారేయకండి. వారంటీ పుస్తకంలో ఏవి వర్తించవో ఆ పేజీ ఒక్కటైనా ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. షోరూములో కాదంటే, కారణం తహరీరీగా అడగండి. రాసివ్వకపోతే మీరే ఈమెయిల్ రాసి, వాళ్ళు ఏమన్నారో అందులో పెట్టండి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ దారి చెబుతుంది. 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న జిల్లాలోనే కన్స్యూమర్ కమిషన్‌లో దావా వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పరుగెత్తనక్కర్లేదు.

మన ఉస్తాదులకూ ఒక అర్జీ. వైరు కోయాల్సిన చోట కప్లర్ వాడండి, రిలే పెట్టండి, చేసిన పనికి రసీద్ ఇవ్వండి. మీ పని సాఫ్‌గా ఉండి, మీ పేరుతో కాగజ్ ఉంటే, గాహక్ కౌంటర్ దగ్గర తలెత్తి మాట్లాడగలడు. "బయటి పని" అనే మాట గాలీ కాకుండా పోయేది అప్పుడే.

న్యూజెర్సీ గృహిణి నుంచి ఢిల్లీ ఫిర్యాదు దాకా ఇన్నేళ్ళూ నడిచిన తగాదా ఒక్కటే: రుజువు ఎవరు చూపాలి? మార్చింది మనమే కావచ్చు. కానీ ఆ మార్పే చెడగొట్టిందని అనేవాళ్ళే రుజువు చూపాలి. ఈ ఒక్క ముక్క పిల్లలకు కారు తాళాలతో పాటు చేతిలో పెట్టండి.